ముందు డిక్కీలో నలభై పాయింట్ల గాలి

మీరు కారు ప్రమాదాలు చాలానే చూసి ఉంటారు. చెట్టును గుద్దినవి, కాలవలో పడినవి, ఘాట్ రోడ్డులో పిట్టగోడ ఎక్కి కూర్చున్నవి. కానీ ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, తాళంచెవి యజమాని జేబులో భద్రంగా ఉన్న కారు, నిలబడ్డ చోట నిలబడే నాశనం కావడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, దగ్గరుండి జరిపించాను. ఆ దెబ్బకు ఒక పెద్దాయన పట్టుపంచె, స్వామివారి కల్యాణం టికెట్లు, మా నాయన ఉద్యోగం, మూడూ ఒకే చోట ఇరుక్కున్నాయి. కొంచెం ఓపిక పట్టి వినండి, మీకు నవ్వు వస్తుంది. నాకు రావడానికి ఆరేళ్లు పట్టింది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆటోమొబైల్ డిప్లొమా అప్పుడే పూర్తయింది. రెండు పేపర్లు రెండోసారి రాసి గట్టెక్కానన్న సంగతి మార్కుల కాగితంలో ఉండేది గానీ నా నడకలో ఉండేది కాదు. తిరుపతి వీధుల్లో ఏ బండి పోయినా ఆగి, తల ఒక పక్కకు వంచి, చెవి పెట్టి విని, "టైమింగ్ తప్పింది" అనేవాణ్ని. ఎవరూ అడిగేవాళ్లు కాదు. అయినా ఉచితంగా చెప్పేవాణ్ని.

మా నాయన పేరు చెంగయ్య. దామోదరం గారి దగ్గర ఇరవై ఆరేళ్లుగా డ్రైవరు. దామోదరం గారికి చిత్తూరు దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, తిరుపతిలో ఇల్లు, ఆ ఇంటి ముందు ఒక తెల్ల అంబాసిడరు. ఆ అంబాసిడరుకు మా నాయన ఎంత అలవాటు పడ్డాడంటే, ఇంట్లో నిద్రలో పక్కకు తిరగాలన్నా ముందు చెయ్యి బయటికి చాపి సిగ్నలు ఇచ్చేవాడు.

ఇలా ఉండగా ఒక ఏడాది మామిడి విరగకాసింది. గుజ్జంతా ఓడలెక్కి పోయింది. దామోదరం గారికి యాభై ఎనిమిదేళ్ల వయసులో మనసు ఒక్కసారిగా పడుచుదైపోయింది. మద్రాసులో ఎవరో సేటు వాడి అమ్మేస్తున్న ఎర్రటి ఫారిన్ స్పోర్ట్స్ కారు కొనేశారు. అది ఒక ఆదివారం మధ్యాహ్నం లారీ మీద ఊరేగుతూ వచ్చింది. ఎత్తు మన నడుము దాకా. కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టే. ముందు రెండు సీట్లు. వెనక సీటు అని చెప్పబడే చోట రెండు కొబ్బరికాయలు, ఒక గుమ్మడికాయ పడతాయి.

కారు దింపగానే దామోదరం గారు మా నాయన భుజం మీద చెయ్యి వేసి, "చెంగయ్యా, ఇంక ఈ బండి నేనే తోలుకుంటా. అంబాసిడరు అమ్మేద్దాం. నువ్వూ ఇంత కాలం కష్టపడినావు, ఇంట్లో కూసోని రెస్టు తీసుకో" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. కానీ ఆ సాయంత్రం మా నాయన ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా అరుగు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"నాయనా, నువ్వేం దిగులు పడొద్దు" అన్నాను.

"దిగులేముందిలేరా. రెస్టంట. రెస్టు తీసుకోని నేనేం సేసేది?"

"అట్లా కాదు. ఫారిన్ బండి అంటే ఊరికే గాదు. దాని సంగతి తెలిసినోళ్లు పక్కనుండాల. రేపు పొద్దున నేనూ వస్తా. నా చదువు సూసినారంటే, ఈ బండికి చెంగయ్య ఇంటోళ్లు లేకుంటే గడవదని సారుకే తెలుస్తాది."

మా నాయన నా వైపు చూశాడు. ఆ చూపులో నమ్మకం ఉందనుకున్నాను. భయమని తర్వాత తెలిసింది.

మరునాడు సోమవారం. ఆ రోజే కొండ మీద దామోదరం గారికీ, ఆయన భార్య సరోజమ్మ గారికీ స్వామివారి కల్యాణోత్సవం టికెట్లు ఉన్నాయి. ఎన్నో నెలలు ఎదురుచూస్తే దొరికిన టికెట్లు. పది గంటలకల్లా పైన ఉండాలి. కొత్త బండి ఎలాగూ మొదట స్వామి దగ్గరికే పోవాలి కాబట్టి రెండూ కలిసొచ్చాయి. ఒకటే ఇబ్బంది, సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది. ఈలోపల ఇంటి ముందు పూజ ముగించి బండి కదలాలి. సరోజమ్మ గారు రాహుకాలం విషయంలో రైల్వే వాళ్లకంటే ఖచ్చితం.

ఆరున్నరకు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో టెస్టరు పెట్టుకుని హాజరయ్యాను. టెస్టరుతో అక్కడ పనేం లేదు. చూడ్డానికి బాగుంటుందని. ఆ వీధి మొగదల పంక్చరు షాపు మునెప్ప మేస్త్రి కూడా వచ్చాడు. నలభై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్న మనిషి. కొత్త బండి కదా, అలిపిరి దాకా మేస్త్రి వెంట ఉంటే మంచిదని సరోజమ్మ గారే రమ్మన్నారట. తన పనిముట్ల సంచి, కాలితో తొక్కే గాలి పంపు తెచ్చుకున్నాడు. డిప్లొమా ఉన్న చోట పంక్చరు మేస్త్రి ఎందుకా అని నేను ఒక చిన్న నవ్వు నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పసుపు, కుంకుమ, గంధం, పూలదండ, అన్నీ అయ్యాయి. కర్పూరం వెలిగించబోతూ సరోజమ్మ గారు ఆగారు.

"చెంగయ్యా, స్టెప్నీ యాడుండాది? దానికీ బొట్టు పెట్టాల గదా!"

తిరుపతిలో బండి పూజ అంటే ఐదు టైర్లకూ జరగాల్సిందే. ఘాట్ రోడ్డులో ఆదుకునేది ఆ ఐదోదేనని ఆమె వాదన. మా నాయన ఇరవై ఆరేళ్ల అలవాటు ప్రకారం వెనక్కి పోయి మూత ఎత్తాడు. లోపల ఇంజను.

"సార్!" అన్నాడు మా నాయన, ఎవరింట్లోనో పొరపాటున తలుపు తీసినవాడిలా. "ఈడ ఇంజనుండాది!"

ఇదే నేను ఎదురు చూస్తున్న క్షణం. "అది వెనక ఇంజను బండి నాయనా. డిక్కీ ముందరుంటాది" అని గంభీరంగా ముందుకు నడిచి, లోపల మీట లాగి, ముందు మూత ఎత్తాను. దామోదరం గారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. మా నాయన ముఖంలోకి కొంచెం కళ వచ్చింది. ఆట అక్కడితో ఆపేసి ఇంటికి పోయి ఉంటే ఈ రోజు ఈ కథ లేదు.

ముందు డిక్కీ చిన్న తొట్టిలా ఉంది. ఒక వైపు కొంచెం చోటు. అక్కడ అప్పటికే దామోదరం గారి బట్టల సంచి ఉంది. పట్టుపంచె, ఉత్తరీయం, టికెట్లు అందులోనే ఉన్నాయి. స్వామి సేవకు పోయే బట్టలు కొత్త బండిలోనే పోవాలని సరోజమ్మ గారు ముందు రోజే సంచి ఇస్తే, కారుతో లారీలో వచ్చిన సేటు మనిషి దాన్ని అందులో పెట్టిపోయాడట. సంచి పక్కన, ఒక పెద్ద మరతో బిగించి, స్టెప్నీ.

దాన్ని స్టెప్నీ అనడానికి నోరు రాలేదు. సన్నగా, బక్కగా, అంచులన్నీ లోపలికి ముడుచుకుని, పళ్లు లేని ముసలాయన నోరులా ఉంది. అందరం వంగి చూశాం.

"ఇదేందబ్బా!" అన్నారు సరోజమ్మ గారు. "టైరులో ప్రాణమే లేదు."

దామోదరం గారు కంగారు పడ్డారు. "మద్రాసు సేటు మోసం సేసినాడా ఏంది?"

"గాలి లేని టైరుకు కర్పూరం ఎట్లిచ్చేది? దేవుని ముందర పీనుగను పెట్టినట్టుండాది. అపశకునం. నేను ఒప్పుకోను."

ఇప్పుడు మీకు ఒక రహస్యం చెప్పాలి. ఆ జాతి కార్లలో స్టెప్నీ అట్లాగే ఉంటుంది. చోటు చాలదని దాన్ని గాలి లేకుండా మడిచి పెడతారు. దారిలో టైరు పోతే దీన్ని బయటికి తీసి, చక్రానికి బిగించి, ఆ తర్వాత మాత్రమే గాలి కొడతారు. ఆ మాట టైరు పక్కనే పసుపుపచ్చ కాగితం మీద జర్మనులోనో, ఇంగ్లీషులోనో అంటించి ఉంది. చదువు రానివాళ్ల కోసం బొమ్మ కూడా వేశారు. డిక్కీ, అందులో టైరు, దానికి పంపు, ఆ మొత్తం మీద ఇంత లావు ఎర్ర గీతలు. చదువు రానివాళ్లకు అర్థమయ్యే బొమ్మే. చిక్కల్లా నాకు చదువుండడమే.

"సార్, మోసమేం లేదు" అన్నాను. "ఓడలో వచ్చేటప్పుడు గాలి దిగిపోయింటాది. కొడితే సరిపోతాది."

మునెప్ప మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "అబ్బోడా, కాగితం మింద ఏందో రాసుండాది సూడప్పా. ఎర్రగీతలు గూడా ఉండాయి."

"అదా మేస్త్రీ? ఎర్ర గుర్తంటే అర్జెంటులో వాడమని."

"అట్లనా? సరే. కొట్టేదైతే బయటికి తీసి కొడదాం. ఈ రకం టైరు నేను సూళ్లేదు. లోపల ఎంత పెరుగుతాదో ఏమో."

"తీయాలంటే మర విప్పాల, సంచి తీయాల. టైమెంతయింది?"

"ఏడూ పది" అన్నారు సరోజమ్మ గారు వాచీ చూడకుండానే.

"సూసినావా? ఇరవై నిమిషాల్లో రాహుకాలం. ఉన్నకాడనే కొడదాం. నేను డిప్లొమా చదివినా మేస్త్రీ!"

ఆ మాట ఆ రోజు మొత్తం మీద పదకొండు సార్లు అన్నానట. మా నాయన లెక్కపెట్టాడు.

పంపు ట్యూబు తగిలించి నేనే తొక్కడం మొదలుపెట్టాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత లోపలి నుంచి కిర్రుమని చప్పుడు. ముడుచుకున్న అంచు ఒకటి టప్పుమని బయటికి తన్నుకొచ్చింది. సరోజమ్మ గారు "గోవిందా!" అన్నారు. రెండో అంచు టప్పుమంది. నూనెలో పూరీ పొంగినట్టు టైరు పొంగుతూ ఉంటే ఇరుగుపొరుగు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. నాకు ఉత్సాహం ఆగలేదు. ఇరవై పాయింట్లు. ముప్పై. నలభై.

"సాలప్పా, సాలు" అన్నాడు మేస్త్రి.

"ఘాట్ రోడ్డు మేస్త్రీ. గట్టిగుండాల."

సరోజమ్మ గారు ముచ్చటపడి టైరుకు గంధం పూసి, కుంకుమబొట్టు పెట్టి, ఐదో నిమ్మకాయ దాని మీద పెట్టి, కర్పూరం తిప్పారు. కొబ్బరికాయ కొట్టారు. "చెంగయ్యా, నీ కొడుకు మంచి పనిమంతుడు" అన్నారు. మా నాయన తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు కోసం నేను ఇంకో నలభై పాయింట్లు కొట్టేవాణ్నే.

అప్పుడు మూత వేయబోతే పడలేదు. నాలుగు వేళ్ల ఎత్తులో నిలబడిపోయింది.

చూస్తే, టైరు డిక్కీ నిండా బలిసి ఉంది. బట్టల సంచి దానికీ గోడకూ మధ్య అప్పడమైపోయి ఉంది. సంచి చెవి పట్టుకుని లాగాను. చెవి వచ్చింది, సంచి రాలేదు.

"కొంచెం గాలి తీద్దామమ్మా" అన్నాను.

సరోజమ్మ గారి కళ్లు పెద్దవయ్యాయి. "ఏందీ? కొబ్బరికాయ కొట్టినాక, హారతిచ్చినాక, గాలి తీస్తావా? పూజ సేసిన వస్తువు ప్రాణం తీస్తావా? నీకేమన్నా మతుండాదా?"

"టైమెంతయింది?" అన్నారు దామోదరం గారు.

"ఏడూ ఇరవై ఐదు!"

ఇక ఆలోచించడానికి ఏముంది? నేను మూత మీద రెండు చేతులూ ఆనించి మొత్తం బరువు వేశాను. మేస్త్రిని కూడా పట్టమన్నాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి నొక్కితే 'క్లిక్' మంది. అంత మంచి చప్పుడు నేను అంతకు ముందు విని ఎరగను. మూత మధ్యలో కొంచెం ఉబ్బి, ఒక పక్క వేలు దూరేంత సందు కనిపించింది గానీ పడింది. "ఫారిన్ లాకు" అన్నాను అందరి వైపూ తిరిగి. నిమ్మకాయలు చిట్లాయి, బండి కదిలింది. ఏడూ ఇరవై ఎనిమిది.

దామోదరం గారు తోలుతుంటే పక్క సీట్లో నేను. వెనక అంబాసిడరులో మా నాయన, సరోజమ్మ గారు, మునెప్ప మేస్త్రి. అద్దంలో మా నాయన కనబడుతూనే ఉన్నాడు. ఆయన ఆ అంబాసిడరు తోలడం అదే ఆఖరుసారి అవుతుందేమోనని నాకు మధ్యలో ఒకసారి అనిపించింది. ఆ ఆలోచన పోగొట్టుకోవడానికి దామోదరం గారికి గేర్ల మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

అలిపిరి తనిఖీ దగ్గర బండ్ల వరుస. మా వంతు వచ్చింది. సెక్యూరిటీ ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "డిక్కీ తెరవండి సార్" అన్నాడు. దామోదరం గారు దిగి, పాత అలవాటు కొద్దీ హుందాగా వెనక్కి పోయి మూత ఎత్తారు.

సెక్యూరిటీ ఆయన లోపలికి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇదేంది సార్, డిక్కీలో ఇంజను పెట్టుకోని పోతాండారు?"

"అది... దీనికి ఇంజను వెనకాలే."

"అయితే ముందరేముండాది?"

"డిక్కీ" అన్నాను నేను దిగుతూ.

"తెరువు."

లోపలికి వంగి మీట లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. రాలేదు. లోపల నలభై పాయింట్ల గాలి మూతను పైకి తోస్తుంటే, కొక్కెం దాన్ని కరిచి పట్టుకుని ఉంది. ఎవరైనా మూతను కిందికి నొక్కి పట్టి, మెల్లగా మీట లాగితే వచ్చేస్తుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసిందల్లా ఇంకా గట్టిగా లాగడమే. కాలు డోరుకు తన్నిపెట్టి లాగాను. 'టింగ్' అంది. మీట మెత్తగా నా చేతిలోకి వచ్చేసింది. వెనకే తీగ ముక్క కూడా.

"లోపల ఏముండాది?" అన్నాడు సెక్యూరిటీ ఆయన, ఈసారి గొంతు మార్చి.

"టైరు."

"టైరుంటే ఎందుకు తెరుచుకోలేదు?"

"టైరులో గాలుండాది."

"అన్ని టైర్లల్లో గాలే ఉంటాది గదప్పా. నన్ను ఆటపట్టిస్తాండావా?"

వెనక బస్సులు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. యాత్రికులు దిగి గుంపుగా వచ్చారు. ఒక తమిళ పెద్దాయన మూత మీద దబదబా చరిచాడు. ఒకావిడ అగరువత్తి వెలిగించమంది. గుండు చేయించుకుని దిగి వస్తున్న ఒక కుర్రాళ్ల జట్టు "గోవిందా, గోవిందా" అంటూ కారును ఎత్తి ఊపేసింది. ఊపితే టైరు ఇంకా హాయిగా సర్దుకుంది. సెక్యూరిటీ ఆయన తప్పేం లేదు, తెరవని డిక్కీతో ఎవరినీ పైకి వదలకూడదు. కారును తోసి పక్కన మట్టిలో పెట్టించాడు.

ఈలోగా వరుసలో వెనక చిక్కుకున్న అంబాసిడరు వచ్చి ఆగింది. సరోజమ్మ గారు దిగి సంగతి విన్నారు. "పైకి మనం అంబాసిడరులో పోదాంలే" అన్నారు దామోదరం గారు.

"పోయి? టికెట్లేవి? మీ పంచె యాది? ప్యాంటుతో స్వామి కల్యాణంలో కూసుంటారా?"

ఎనిమిదిన్నర దాటింది. ఆమె కారు పక్కన మట్టిలోనే కూలబడ్డారు. "పెండ్లయి ముప్పై మూడేండ్లు. ఒక్కసారన్నా స్వామి కల్యాణం దగ్గర కూసోని సూడాలని మొక్కుకున్నా. కొండ కింద దాకా వచ్చి టైరు అడ్డం పడిందే!" అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

దామోదరం గారు నన్ను ఏమీ అనలేదు. మా నాయన వైపు తిరిగి, "చెంగయ్యా, నీ కొడుకు సదివిన సదువు ఇదేనా?" అన్నారు. అంతే. మా నాయన ఇరవై ఆరేళ్లలో ఆయన చేత ఒక్క మాట అనిపించుకోలేదు. ఆ మాట నా వల్ల పడింది. మా నాయన చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. పోదామన్నా ఆ పూట నాకు ఏ మూతా తెరుచుకునేలా లేదు.

అంతసేపూ మునెప్ప మేస్త్రి కారు ముందు గొంతుక్కూర్చుని ఆ వేలెడు సందులోకి చూస్తున్నాడు. మెల్లగా లేచాడు. "అమ్మా, మీ గొడుగు ఒకసారి ఇస్తారా?"

గొడుగు తీసుకుని అందులో ఒక కమ్మీ విరిచాడు. సంచిలోంచి గోనెలు కుట్టే దబ్బనం తీసి, కమ్మీ కొసకు తీగతో బిగించి కట్టాడు. ఆ సందులోంచి పెట్టి చూశాడు. "అందుతాండాది. గట్టిగా పొడిస్తే గాలి పోతాది. గాలి పోతే మూత వొదులవుతాది. కానీ పూజ సేసిన టైరమ్మా. మీరు సెప్పాల."

అందరం సరోజమ్మ గారి వైపు చూశాం. ఆమె కొండ వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూశారు. అటు స్వామి, ఇటు బొట్టు పెట్టిన టైరు. అర నిమిషం లోపల ఏదో పెద్ద వాదనే జరిగినట్టుంది. తర్వాత లేచి నిలబడి చీర దులుపుకున్నారు.

"స్వామి పెండ్లి కంటే టైరు పెద్దదా? పొడువు మునెప్పా!"

మేస్త్రి కళ్లు మూసుకుని ఒక్క పోటు పొడిచాడు. 'పుస్స్' మంటూ గంధం, కుంకుమ వాసనతో గాలి బయటికి తన్నింది. చుట్టూ యాభై మంది "గోవిందా!" అన్నారు. ఉబ్బిన మూత చల్లగా దిగింది. మేస్త్రి అదే కమ్మీని వంకీలా వంచి లోపల కొక్కేన్ని లాగాడు. మూత లేచింది. నలిగిపోయిన నిమ్మకాయ ఒకటి ముందు బయటపడింది.

"నలభై ఏండ్లుగా పంక్చర్లు ఏస్తాండా" అన్నాడు మేస్త్రి చెమట తుడుచుకుంటూ. "పంక్చరు సేసింది మాత్రం ఈ పొద్దే."

సంచి తీశారు. టికెట్లు ముడతలు పడ్డాయి గానీ అక్షరాలు కనబడుతున్నాయి. మా నాయన అంబాసిడరు తలుపు తెరిచి పట్టుకున్నాడు, వాళ్లిద్దరూ ఎక్కారు. ఘాట్ రోడ్డులో ఆ తెల్లబండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. మేస్త్రి షాపు తెరవాలని బస్సెక్కిపోయాడు. కారుకు కాపలాగా నేను మిగిలాను. దామోదరం గారు పోతూ పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి ఒకే మాట అన్నారు. "ముట్టుకోవద్దు."

ముట్టుకోకుండానే ఉండేవాణ్ని. కానీ పదకొండు గంటలకు ఎండ ఎర్రటి కారు మీద భగ్గుమంటోంది. రంగు పాడైపోతుందేమోనని ప్రాణం ఉసూరుమంది. ఒక్క మంచి పనైనా చేసి మాట దక్కించుకుందామని, పది అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు నీడకు తోద్దామనుకున్నాను. సెక్యూరిటీ ఆయన కూడా పాపం జాలిపడి ఒక చెయ్యి వేశాడు. బ్రేకు దించి, ఇద్దరం జాగ్రత్తగా తోశాం. బండి నీడలోకి చేరింది. తృప్తిగా నిట్టూర్చాను.

నా నిట్టూర్పు ఆగిన తర్వాత కూడా ఇంకో నిట్టూర్పు వినబడుతూనే ఉంది.

కుడి వైపు ముందు టైరు. వంగి చూస్తే, మట్టిలో నిటారుగా దిగబడి ఉన్న దబ్బనం, సగం టైరులోకి పోయి ఉంది. మేస్త్రి కమ్మీని వెనక్కి లాగినప్పుడు కట్టు ఊడి కింద పడిన దబ్బనం అది. మూత తెరుచుకున్న సంబరంలో ఎవరూ వెతకలేదు.

సెక్యూరిటీ ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "పోనీలే తమ్ముడూ, ఫారిన్ బండి గదా. స్టెప్నీ ఉంటాది గదా?"

వేపచెట్టు కింద కూర్చుని, ఒకే దబ్బనంతో రెండు టైర్లు పోగొట్టినవాడు ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారా అని ఆలోచిస్తూ ఐదు గంటలు గడిపాను.

సాయంత్రం అంబాసిడరు దిగివచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే దామోదరం గారు నవ్వుతూ దిగారు. సరోజమ్మ గారి ముఖం వెలిగిపోతోంది. కల్యాణం కళ్లారా చూశారు. దామోదరం గారి తెల్ల పట్టుపంచె మీద మోకాలి నుంచి అంచు దాకా, టైరు నొక్కిన నల్లటి గీతలు వరసగా పడి ఉన్నాయి.

"పక్కనోడు ఒకటే అడగడం" అన్నారాయన. "ఈ అంచు సానా బాగుండాది, యాడ నేయించినారు, నగరిలోనా అని. అవునన్నా. ఇంకేం జెప్పేది?"

ఆ నవ్వు చల్లారకముందే చెప్పేయడం మేలనుకున్నాను. ముందు టైరు చూపించాను. దబ్బనం చూపించాను. నీడ గురించి చెప్పాను. దామోదరం గారు టైరును చూశారు. డిక్కీలో చచ్చిపడి ఉన్న స్టెప్నీని చూశారు. మళ్లీ నన్ను చూశారు. తర్వాత ఆ ఎర్ర కారుకు వీపు తిప్పి, మెల్లగా నడిచి, అంబాసిడరు వెనక సీట్లో కూర్చుని, కాళ్లు బారచాపి కళ్లు మూసుకున్నారు.

"చెంగయ్యా" అన్నారు. "బండి తియ్యి. ఇంటికి పోదాం. రేపు పొద్దున ఫ్యాక్టరీకి ఎనిమిదికల్లా వచ్చెయ్."

ఎర్ర కారు మర్నాడు అక్కడి నుంచే లారీ ఎక్కి, మద్రాసులోనే ఇంకో సేటు దగ్గరికి పోయింది. మా నాయన ఆ అంబాసిడరును ఇంకో తొమ్మిదేళ్లు తోలాడు.

ఆ సాయంత్రం వాళ్లను దించి మేమిద్దరం ఇంటికి నడిచిపోతున్నాం. నేను తల ఎత్తలేదు. దారిలో బజ్జీల బండి దగ్గర ఆగి మా నాయన రెండు పొట్లాలు కట్టించాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు.

"గురవా, ఆ టైరు బయటికి తీసి గాలి కొట్టింటే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదు నాయనా."

"అదే సెప్తాండా. ఏమీ అయ్యేది గాదు. సారు ఆ బండే తోలుకోని పోయేవాడు. నేను ఇంట్లో కూసోని మీయమ్మకు చిక్కుడుకాయలు ఒలిచిస్తా ఉండేవాణ్ని." బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నా కళ్లలోనూ నీళ్లు వచ్చాయి, మిరపకాయ బజ్జీ వల్ల అని చెప్పాను. "నీ సదువు నా ఉద్యోగం నిలబెట్టిందిరా."

"నాయనా, అయితే రేపటి నుంచి అంబాసిడరు సర్వీసింగు నేనే..."

ఆయన నవ్వు ఠక్కున ఆగిపోయింది. నడవడం కూడా ఆగిపోయింది.

"దాని నీడ తొక్కినావంటే కాళ్లు ఇరగ్గొడతా."

కాబట్టి, ఈ కథ చదువుతున్న పెద్దలందరి ఎదుటా ఏడుకొండలవాడి మీద ఒట్టేసి, ఆ రాత్రి చేసిన ప్రమాణమే మరోసారి చేస్తున్నాను. మూత ఉన్న ఏ వస్తువులోనూ ఈ జన్మలో గాలి కొట్టను. ఎర్ర గీతల బొమ్మ కనిపిస్తే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని పంక్చరు మేస్త్రిని పిలుస్తాను. టైరుకు వినబడేంత దగ్గరలో నిలబడి డిప్లొమా అనే మాట నోట రానీయను. ఇప్పటిదాకా ఈ ప్రమాణం తప్పలేదు. మా ఇంట్లో సైకిలుకు గాలి కొట్టాలన్నా మా ఆవిడే కొడుతుంది, నేను పక్కింటి గేటు దగ్గర నిలబడి చూస్తాను.